బరోలో అన్న పేరు చూసి కొనకండి, సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి

“వచ్చే నెల ఆఫీసు పని మీద మిలాన్ వెళ్తున్నాను. వచ్చేటప్పుడు మంచి ఇటాలియన్ రెడ్ వైన్ తెచ్చుకోవాలని ఉంది. అందరూ బరోలో తెచ్చుకోమంటున్నారు. ముదురు రంగు, బరువైన సీసా, మెడ మీద గవర్నమెంటు సీలు ఉంటే చాలా?” అని అడిగారు.

చాలదండీ. రంగూ బరువూ అయితే అసలు లెక్కలోకే రావు. బరోలో చేసేది నెబ్బియోలో అనే ద్రాక్షతో. ఆ వైన్ రంగే పల్చన. గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనిపిస్తుంది. కొన్నేళ్లు గడిచాక అంచుల్లో ఇటుక రంగు తిరుగుతుంది. ముదురు రంగు కోసం వెతికితే మంచివాటిని వదిలేసి వస్తారు. సీలు సంగతి తర్వాత చెప్తాను, దాని మీద నాకు వేరే కోపం ఉంది.

2014 నుంచి 2020 దాకా ఆరేళ్లు ఇటలీలోని టోరినోలో ఉన్నాను. కార్ల విడిభాగాలు డిజైన్ చేసే ఆఫీసులో ఉద్యోగం. మా ఇంటి ఓనరు డెబ్బై దాటిన పెద్దాయన, కింది అంతస్తులో ఉండేవారు. నన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదు, ‘ఇంజెన్యేరే’ అనేవారు. ఇంజినీరింగ్ చదివినవాళ్లను అలా పిలవడం అక్కడి మర్యాద.

2015 క్రిస్మస్‌కి ఆయనకి ఏదైనా ఇవ్వాలనిపించి, స్టేషన్ దగ్గర ఒక షాపులో బరోలో కొన్నాను. 2011 పంట, 17 యూరోలు. సీసా చేత్తో ఎత్తితే ఇనపగుండులా ఉంది. ముందువైపు కోట బొమ్మ, బంగారు రంగు అక్షరాలు, మెడ మీద నంబరు వేసిన పట్టీ. ఆయన చాలా సంతోషంగా తీసుకున్నారు. రెండు రోజుల తర్వాత కిందికి రమ్మన్నారు. టేబుల్ మీద నేనిచ్చిన సీసా సగం ఖాళీ అయి ఉంది, పక్కన ఇంకో సన్నటి సీసా. రెండు గ్లాసుల్లో పోశారు. ఏమీ చెప్పలేదు, వాసన చూడమన్నారు.

మొదటి గ్లాసులో ఉడికించిన జామ్ వాసన, మింగాక నాలుక చివర చేదు. రెండోదానిలో ముందు గులాబీ రేకులు వచ్చాయి. కాసేపటికి, ఎండలో కొత్తగా రోడ్డు వేస్తున్నప్పుడు వచ్చే తారు వాసన. అలాంటి వాసన తాగే వస్తువులో ఉంటుందని, బాగుంటుందని నాకు అంతకుముందు తెలియదు. రెండోది వాళ్ల బావమరిది తోటలో అదే నెబ్బియోలో ద్రాక్షతో చేసిన ‘లాంగే నెబ్బియోలో’ అనే వైన్, ఖరీదు 12 యూరోలు.

అప్పుడు ఆయన నా సీసాని వెనక్కి తిప్పి కింది వరస మీద వేలు పెట్టారు. అక్కడ వైన్ చేసినవాళ్ల పేరు లేదు. సీసాలో నింపిన కంపెనీకి ఒక కోడ్ నంబరు ఉంది, అంతే. “చేసినవాడికే దీని మీద తన పేరు రాయాలనిపించలేదు. నువ్వెందుకు కొన్నావు, ఇంజెన్యేరే?” అన్నారు. కోపంగా కాదు, చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు.

మీరు అడిగినదానికి జవాబు ఇదే. ముందు పేరు చూడండి. ఊరి పేరు కాదు, మనిషి పేరు, లేదా ఇంటి పేరు. వెనక లేబుల్ మీద ‘ఇంబొత్తిల్యాతో ఆల్లోరిజినే’ అని ఉంటే ద్రాక్ష పండించినవాళ్లే వైన్ చేసి, సీసాల్లో నింపారని అర్థం. సహకార సంఘాలు కూడా ఆ మాట వాడుకోవచ్చు. ఉత్త ‘ఇంబొత్తిల్యాతో దా’ అని రాసి పక్కన అక్షరాలూ అంకెలూ మాత్రమే ఉంటే, ఎవరెవరి దగ్గరో లారీల లెక్కన కొన్న వైన్ కావచ్చు. అలాంటిది తిరిగి షెల్ఫ్‌లో పెట్టేయండి.

ఆయన తరం వాళ్లకి ఈ పట్టింపు ఊరికే రాలేదు. 1986లో అక్కడ చవక వైన్‌లో ఘాటు పెంచడానికి మిథనాల్ కలిపారు. ఇరవైమందికి పైగా చనిపోయారు, కొందరికి చూపు పోయింది. ఆ కల్తీ జరిగింది ఎక్కడో కాదు, ఆ పక్క ఊళ్లలోనే. మన దగ్గర కల్తీ సారా వార్తలు చదువుతూ పెరిగినవాణ్ని కాబట్టి ఆయన చెప్తుంటే నాకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

మరుసటి ఏడు, 2016 అక్టోబరులో, బావమరిది తోటలో కోతకి నన్ను కూడా తీసుకెళ్లారు. నెయివే అనే ఊరు, బార్బరెస్కో ప్రాంతంలో. అక్కడి వైన్ పేరూ అదే. ఐదెకరాల తోట, నిలబడితే మడమలు జారే వాలు. పొద్దున ఏడింటికి వెళ్లాం, కింద లోయ అంతా పొగమంచు. నెబ్బియోలో అన్న పేరు ఆ పొగమంచు నుంచే వచ్చిందని చెప్తారు, ఇటాలియన్‌లో మంచుని నెబ్బియా అంటారు. మిగతా ద్రాక్షలన్నీ కోసి ఇళ్లకు చేర్చాక, చివర్లో ఇది పండుతుంది.

నా చేతికి ఒక కత్తెర, ఒక ఎర్ర ప్లాస్టిక్ ట్రే ఇచ్చారు. గుత్తి కోసి ట్రేలో వేయబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. “ముందు తిను” అన్నారు. పండు మీద బూడిదలాంటి పొడి, వేలితో తుడిస్తే కింద నల్లగా నిగనిగలాడుతోంది. గుజ్జు తియ్యగా ఉంది. తర్వాత తొక్కని నాలుక మీద వేసి నమలమన్నారు. నేరేడుపండు తిన్నాక నాలుక బరువెక్కి అంగిలికి అంటుకుంటుంది చూడండి, అచ్చం అదే వగరు. ఆ తర్వాత గింజ ఉమ్మెయ్యబోతుంటే దాన్ని కూడా కొరకమన్నారు. వేయించిన పప్పులా కటుక్కుమంది. ఇంకో గుత్తి, ఆకుల చాటున నీడలో ఉన్నది, అందులోంచి ఒక పండు ఇచ్చారు. దాని గింజ పచ్చగా ఉంది, పళ్లకి అంటుకుంది, చేదు. ఆ గుత్తిని నేల మీద పడేశారు. అలా పడేసినవి వరస పొడవునా ఉన్నాయి. మా అమ్మ కల్లంలో కూర్చుని మిరపకాయల్లో తాలు ఏరి పక్కన పడేయడం గుర్తొచ్చింది. మాది గుంటూరు జిల్లా. తాలు ఏరని మిరపకి యార్డులో ఏం ధర పలుకుతుందో నాకు తెలుసు, ఏరే చేతికి ఎంత నడుం నొప్పో కూడా తెలుసు.

అంతకుముందే ఆగస్టులో పచ్చి గుత్తుల్లో సగం కోసి పారేశారట, మిగిలిన వాటికి బలం రావాలని. చట్టం ప్రకారం అక్కడ హెక్టారుకి 8 టన్నుల ద్రాక్ష దాకా కోసుకోవచ్చు. ఆ బావమరిది అంత కోసేవారు కాదు. 17 యూరోల బరోలో వెనక ఎవరూ ఇలా నేల మీద గుత్తులు పడేసి ఉండరని నా గట్టి నమ్మకం. ఆ ధరకి అది కుదరదు.

ఇక సీలు. డి.ఓ.సి.జి. అని రాసి ఉండే ఆ పట్టీ మన నెయ్యి డబ్బా మీది అగ్‌మార్క్ లాంటిది. 1963లో చట్టం చేశారు, 1980లో ఈ పై మెట్టు వచ్చింది, బరోలో, బార్బరెస్కో, టస్కనీ ప్రాంతపు వైన్ బ్రునెల్లో దానికి ముందువరసలో ఎక్కాయి. అందులో కొన్ని నిబంధనలు ఉంటాయి. బరోలో అయితే 38 నెలలు ఆగాకే అమ్మాలి, అందులో 18 నెలలు పీపాల్లో. బార్బరెస్కో అయితే 26 నెలలు, పీపాల్లో 9. రుచి పరీక్ష కూడా ఉంటుంది. కానీ పాసు మార్కులకీ డిస్టింక్షన్‌కీ ఒకటే పట్టీ. నేనిచ్చిన సీసాకి కూడా ఆ పట్టీ ఉంది కదా. ఇంకో మాట చెప్తాను. టస్కనీలో సస్సికాయా అనే వైన్ 1968 పంటతో మార్కెట్లోకి వచ్చింది. ద్రాక్ష రకం నిబంధనల్లో లేదని ఏళ్ల తరబడి దాన్ని అన్నిటికన్నా కింది తరగతిలో, మామూలు ‘టేబుల్ వైన్’గా అమ్మారు. ప్రపంచమంతా ఎగబడి కొంటుంటే, చివరికి 1994లో దానికి సొంత గుర్తింపు ఇచ్చారు. పట్టీని నమ్ముకున్నవాళ్లు అన్నేళ్లూ దాన్ని దాటుకుని వెళ్లిపోయి ఉంటారు.

పేర్లతో ఇంకో తికమక ఉంది, చాలామంది మనవాళ్లు ఇందులో డబ్బు పోగొట్టుకోవడం చూశాను. మొంతెపుల్చానో అనేది ఒక ఊరు, ఒక ద్రాక్ష రకం కూడా. ‘మొంతెపుల్చానో దబ్రుజ్జో’ అంటే అబ్రుజ్జో అనే ప్రాంతంలో ఆ రకం ద్రాక్షతో చేసింది. ‘వీనో నోబిలె ది మొంతెపుల్చానో’ అంటే టస్కనీలోని ఆ ఊళ్లో, ఎక్కువ పాళ్లు సాంజొవేజె అనే వేరే ద్రాక్షతో చేసింది. నూజివీడులో కాసిన బంగినపల్లి కాయ ఉంటుంది, బంగినపల్లి ఊళ్లో కాసిన వేరే కాయ కూడా ఉండొచ్చు, అలాగన్నమాట. టస్కనీ వైన్లే అయినా కియాంతి, కియాంతి క్లాసికో కూడా ఒకటి కాదు. మెడ మీద నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటేనే క్లాసికో.

బరువు సీసాల గురించి కూడా చెప్పి తీరాలి. అడుగున పిడికిలి పట్టేంత గుంట, చేతులు నొప్పెట్టే గాజు, ఇవన్నీ మన చేత డబ్బు పెట్టించడానికి. ఆ గాజుకి మనమే డబ్బు కడతాం, విమానంలో మోసేదీ మనమే.

అంతకన్నా బాధ హైదరాబాదులో. ఇక్కడ వైన్స్ అంటే మందు షాపే. అసలు వైన్ ఒక మూల అరలో, సీసాలు నిలువుగా నిలబెట్టి, ట్యూబులైటు కింద, మే నెల ఎండల్లో కరెంటు పోతే ఏసీ లేకుండా. ఒక ఖరీదైన షాపులో 2010 బ్రునెల్లో కనిపిస్తే ప్రాణం లేచొచ్చి కొన్నాను. 2010 టస్కనీకి చాలా మంచి సంవత్సరం. ఇంటికొచ్చి రేకు తీసి చూస్తే బిరడా సీసా మూతి కన్నా పైకి పొడుచుకొచ్చి ఉంది, పక్కన చారలా కారి ఎండిపోయింది. వేడికి లోపల వైన్ ఉబ్బి బిరడాని తోసింది. తాగితే ఉడికిన కిస్మిస్ నీళ్లు. దిగుమతి సుంకమే ఏళ్ల తరబడి 150 శాతం ఉండేది, అంత కట్టి తెచ్చిన సరుకుని ఇలా పాడుచేస్తుంటే కడుపు మండుతుంది. అందుకే, అక్కడికి వెళ్తున్న మీరు అక్కడే కొనుక్కోండి, ఇక్కడ కొనకండి.

తిండి సంగతి. బరోలో, బార్బరెస్కో మన కారంతో తాగకండి. ఆ వగరు, ఆ ఆల్కహాలు రెండూ కలిసి కారాన్ని ఇంకా మండిస్తాయి. టోరినోలో ఒకసారి గోంగూర మటన్‌తో బార్బరెస్కో పెట్టాను, రెండూ పాడైపోయాయి. అదే గోంగూర మటన్‌కి బార్బేరా అనే ద్రాక్ష వైన్ అద్భుతంగా కుదిరింది. దానికి వగరు తక్కువ, పులుపు ఎక్కువ. పులుపుకి పులుపే జోడీ. బరోలోకి కావాల్సింది కొవ్వు, మాంసం, నిదానమైన మసాలా. కారం తగ్గించి చేసిన మటన్ పులావు, నల్లి ఎముకల పాయా, వీటితో ఆ వగరు వెన్నలా కరిగిపోతుంది. ఇంకొకటి, రూమ్ టెంపరేచర్ అంటే మన రూము కాదు. గ్లాసులో 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. మన ఇళ్లల్లో అయితే పోసే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

మీ సీసాల విషయానికొస్తే, మనిషికి 2 లీటర్ల దాకానే సుంకం లేకుండా తేనిస్తారు. అంటే 750 మిల్లీలీటర్లవి రెండు. నేనైతే మొదటిది బార్బరెస్కో తెస్తాను, ‘ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో’ వాళ్లది. అది రైతుల సహకార సంఘం. 1958లో ఆ ఊరి చర్చి ఫాదరు 19 మంది చిన్న రైతుల్ని కూడగట్టి మొదలుపెట్టారు, మొదటి మూడేళ్లు వైన్ చేసింది చర్చి కిందున్న గదిలోనే. పంట బాగోలేని ఏడాది వాళ్లు తోటల పేర్లతో విడివిడిగా అమ్మే ఖరీదైన వైన్లు చెయ్యరు, ఆ ద్రాక్షంతా మామూలు బార్బరెస్కోలోనే కలుపుతారు. అందుకని వాళ్ల మామూలు సీసా ఏ ఏడాదిదైనా నన్ను మోసం చెయ్యలేదు. నేను ఉన్నప్పుడు 25 యూరోలకి అటూ ఇటూగా దొరికేది, ఇప్పుడు పెరిగే ఉంటుంది. సహకార సంఘం అంటే నాసిరకం అనుకునేవాళ్లకి ఆ సీసా ఒకటి పోసి చూపించాలి. ఆ ఊళ్లో రైతులు చేసింది చూసినప్పుడల్లా మా మిరప రైతులకి ఇలాంటి సంఘం ఒకటి ఎందుకు లేకపోయిందని నాకు దిగులు వేస్తుంది.

బరోలోనే కావాలని మనసు పట్టుబడితే వాయ్‌రా, బ్రోవియా, ఒద్దేరో, ఈ ఇళ్ల పేర్లు వెతకండి. 2016 పంట కనిపిస్తే వదలకండి. కొన్న ఏడాదే తెరవకుండా నాలుగైదేళ్లు చల్లటి చోట పడుకోబెట్టే ఓపిక ఉంటేనే అది తీసుకోండి. లేదంటే రెండో సీసాగా ఆల్బా బార్బేరా తెచ్చుకోండి. ఇంటికి రాగానే మామూలు ఆదివారం భోజనంతో తాగొచ్చు, దాన్ని దాచాల్సిన పని లేదు.

ఎయిర్‌పోర్టు షాపులో మాత్రం కొనకండి. మిలాన్‌లో చాలా చోట్ల ‘ఎనోతేకా’ అని బోర్డు ఉంటుంది, అంటే వైన్ షాపు, అక్కడికి వెళ్లి మీ బడ్జెట్టు చెప్పి, మాంసంతో తాగుతానని చెప్పండి. చేసినవాళ్ల గురించి అడగండి. వాళ్లు ఆ ఇంటి గురించి పది నిమిషాలు ఆగకుండా మాట్లాడితే ఆ సీసా తీసుకోండి. చెక్-ఇన్ పెట్టెలో, మధ్యలో, మందపాటి బట్టల్లో చుట్టి పెట్టండి. ఇంటికి రాగానే తెరిచెయ్యకండి. ప్రయాణంలో కుదుపులు తిన్నది, రెండు వారాలైనా కదపకుండా పడుకోబెట్టండి.