మొదటి చెల్లో కొనేటప్పుడు ఏం చూడాలి?

భీమవరంలో ఉంటున్నాం, పదకొండేళ్ల పాపకి చవకలో చెల్లో (కూర్చుని వాయించే, వయొలిన్ లాంటి పెద్ద వాద్యం) ఎలా ఎంచుకోవాలని ఒకరు అడిగారు.

ముందు సైజు. పాప ఎత్తు సుమారు 5 అడుగులు దాటితేనే ఫుల్ సైజు. కాస్త తక్కువైతే 3/4, ఇంకా చిన్నపిల్లైతే 1/2. ఎలాగూ ఎదుగుతుంది కదా అని గౌను కొన్నట్టు పెద్దది కొనకండి, వేళ్లు అందక విసుగొస్తుంది.

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు గానీ, మన డెల్టా తేమకి మొదటిది ప్లైవుడ్‌దే మేలు. నాదం కొంచెం మొద్దుగా ఉంటుంది, నిజమే. కానీ ముసురుకీ ఎండకీ నిండు చెక్కంత తొందరగా పగలదు.

అసలు డబ్బు పెట్టాల్సింది సెటప్ మీద, అంటే వాయించడానికి వీలుగా అన్నీ సరిగ్గా అమర్చడం మీద. తీగలు మరీ ఎత్తుగా ఉంటే పాప వేళ్లు నొప్పెడతాయి, బ్రిడ్జి (తీగల్ని ఎత్తిపట్టే చెక్క ముక్క) తగ్గించమనండి. లోపల సౌండ్‌పోస్ట్ అనే చిన్న కర్ర ఉంటుంది. దాన్ని అతికించరు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. అందుకే తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి వదులు చేస్తే అది పడిపోవచ్చు. వానాకాలంలో తీగలు చుట్టే బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి కాబట్టి నాలుగు తీగలకీ ఫైన్ ట్యూనర్లు (శ్రుతి కొద్దికొద్దిగా సరిచేసే చిన్న మరలు) ఉన్నదే తీసుకోండి.

పాతది దొరికితే కొనేముందు తెలిసిన వయొలిన్ మాస్టారికి చూపించండి. చెల్లో వాయించడం రాకపోయినా, మెడ వంగిందో లేదో ఆయన చెప్పగలరు.