పెద్దవారి మతిమరుపు, ఒక అష్టావధానం

మీ అమ్మగారు తన చిన్ననాటి సంగతులన్నీ పూసగుచ్చినట్లు చెబుతూనే, వంటింట్లోకి ఎందుకు వచ్చారో, పొద్దున మీరేం చెప్పారో మరచిపోతున్నారని, వయసు పెరిగితే అందరికీ ఇంతేనా అని అడిగారు. వయసుతో ముందుగా సడలేది ఏకాగ్రత, జ్ఞాపకం దాని వెనకే దెబ్బతింటుంది అన్నది నా గట్టి నమ్మకం. మా పెదనాన్నగారిని దగ్గరనుంచి చూసి ఈ మాట అంటున్నాను.

ఆయన తెలుగు పండితులు. చుట్టుపక్కల ఊళ్లలో అష్టావధానాలు, అంటే ఎనిమిది మంది పృచ్ఛకులు (ప్రశ్నలు అడిగేవారు) పెట్టే ఎనిమిది పరీక్షలను ఒకేసారి ఎదుర్కొనే సాహిత్య ప్రదర్శనలు, చేసేవారు. డెబ్బయ్యేళ్లు దాటాక మా ఊరి రామాలయంలో చేసిన అవధానంలో గంట కొట్టే పృచ్ఛకుడిగా నేను కూర్చున్నాను. సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూర్తిచేయడం), దత్తపది (ఇచ్చిన పదాలతో పద్యం చెప్పడం), వర్ణన, నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరాలు రాకుండా పద్యం చెప్పడం) అంశాలకు ఆవృత్తికొక, అంటే విడతకొక, పాదం చొప్పున పద్యాలు అల్లుతూ, అప్రస్తుత ప్రసంగి మధ్యమధ్య వేసే చిలిపి ప్రశ్నలకు జవాబిస్తూ, ఎప్పుడు మోగుతుందో తెలియని గంటను లెక్కపెట్టుకుంటూ, చివర ధారణలో పద్యాలన్నీ అప్పజెప్పాలి.

ఆ రోజు మొదలుపెట్టే ముందే ఆయన అప్రస్తుత ప్రసంగిని తన కుడిపక్కకు మార్పించారు, ఎడమ చెవి సరిగా వినపడదు గనుక. తలమీద కటకటలాడుతున్న ఫ్యాను ఆపించారు. సమస్యను రెండోసారి చదివించుకుని, కళ్లు మూసుకుని, బొటనవేలితో వేళ్ల కణుపుల మీద గణాలు ఎంచుకుంటూ కాసేపు ఆగి పాదం చెప్పారు; వయసులో ఉన్నప్పుడైతే పృచ్ఛకుడి నోట మాట పూర్తికాకముందే అందుకునేవారు. మూడో ఆవృత్తిలో మైకు కీచుమన్న క్షణంలో నేను కొట్టిన గంట ఆయన లెక్కలోకి రాలేదు, చివరికి ఒకటి తక్కువ చెప్పారు. ధారణలో మాత్రం నాలుగు పద్యాలూ ఎక్కడా తొట్రుపడకుండా అప్పజెప్పారు.

ఆ మనిషినే ఇంట్లోవాళ్లు, ఒకవైపు టీవీ మోగుతూ, మరొకవైపు ఎవరో ఫోనులో మాట్లాడుతూ ఉండగా వెనకనుంచి ఒక మాట చెప్పి వెళ్లిపోయి, అది గుర్తులేదన్నప్పుడు "పెద్దాయనకు మతి తప్పుతోంది" అని ఆయన ఎదుటే అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమనేది. చెవిలో సరిగా పడని మాట మనసులో ఎలా నిలుస్తుంది?

వయసుతో మేధాశక్తి ఎలా మారుతుందో చూడడానికి అమెరికాలో కె. వార్నర్ షాయ్ అనే మనస్తత్వవేత్త 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టి దశాబ్దాలపాటు కొనసాగించిన అధ్యయనంలోనూ వేగంగా గ్రహించే శక్తి ముందుగా తగ్గడం, భాషాసామర్థ్యం వార్ధక్యం వరకూ నిలబడడం కనిపించాయి. అనవసరమైన వాటిని మనసులోంచి పక్కకు నెట్టే శక్తి వయసుతో తగ్గుతుందని మనస్తత్వవేత్తలు లిన్ హాషర్, రోజ్ జాక్స్ 1988లో ప్రతిపాదించారు. మా రామాలయంలో ఫ్యాను ఆపించడంలోని మర్మం ఇదేనని నేను అనుకుంటున్నాను. ఈ సంగతి తెలిసీ, ఫోను చేసిన పెద్దవారికి ఏ పనికి ఏ అంకె నొక్కాలో యంత్రం చేత గడగడా చదివించే సంస్థలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ జాబితా పూర్తయ్యేసరికి మొదటి అంకె ఎవరికి గుర్తుంటుంది?

అయితే, తెలిసిన దారిలో తప్పిపోవడం, అడిగిన ప్రశ్ననే గంటలో మళ్లీమళ్లీ అడగడం, అలవాటైన లెక్కలు చేయలేకపోవడం మామూలు వయసు లక్షణాలు కావు; అలాంటివి కనిపిస్తే నాడీవైద్యుడికి చూపించడంలో ఆలస్యం చేయకండి. బి12 లోపం, థైరాయిడ్ సమస్య, దిగులు కూడా మతిమరుపు తెస్తాయి, వాటికి చికిత్స ఉంది. జ్ఞాపకశక్తి పెంచుతామనే టానిక్కులు కొనేముందు మీ అమ్మగారికి వినికిడి పరీక్ష చేయించండి. ఈలోగా ఏదైనా చెప్పాలంటే టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క సంగతే చెప్పండి.