తమ పేరుతో మొదలుపెట్టిన చరిత్రకారులు

ప్రాచీన గ్రీకు చరిత్రకారులు తొలి వాక్యంలోనే తమ పేరు చెప్పుకోవడం ఆత్మస్తుతి కాదా అనీ, ఏథెన్స్, స్పార్టా నగరాల మధ్య జరిగిన యుద్ధం చరిత్ర రాసిన థుసిడిడీస్ తన గురించి ఎవరో పరాయివాడి గురించి చెప్పినట్టు ఎందుకు రాశాడనీ అడిగారు. నాకు గ్రీకు రాదు. ఇంగ్లీషు అనువాదాలలో హెరొడోటస్, థుసిడిడీస్ ఇద్దరినీ కొన్నేళ్లుగా చదువుతున్న పాఠకుడిగా నాకు అర్థమైనది చెబుతాను.

హోమర్ కావ్యాలలో కవి పేరు కనిపించదు. ఇలియడ్ రెండవ భాగంలో ఓడల జాబితాకు ముందు ఆయన కళాదేవతలను ప్రార్థిస్తూ, అన్నీ తెలిసినవారు మీరే, మాకు వినికిడి తప్ప ఏమీ తెలియదు అంటాడు. పలికించేవాడు రామభద్రుడన్న పోతనను చదువుకున్న మనకు ఆ భావం కొత్తది కాదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గద్యంలో చరిత్ర రాసిన హెరొడోటస్‌కు ఆ అండ లేదు. ఇది హాలికర్నాసస్ వాసి హెరొడోటస్ చేసిన విచారణ అని మొదలుపెట్టడం, నా దృష్టిలో, దస్తావేజు మీద సంతకం వంటిది: ఈ మాటలకు పూచీ ఎవరిదో అది చెబుతుంది.

మొదటిసారి చదివినప్పుడు హెరొడోటస్‌లో అడుగడుగునా ఎదురయ్యే ‘నేను’ నాకు విసుగు కలిగించింది. తాను కనిపించకుండా సంఘటనలను మాత్రమే నడిపించే థుసిడిడీస్ ఎక్కువ నమ్మదగినవాడని నోట్సులో రాసుకున్నాను. అది తొందరపాటు. ఈజిప్టు గురించి చెబుతూ హెరొడోటస్ ఒకచోట ఆగి, ఇంతవరకూ నా కంటితో చూసినదీ, ఆలోచించినదీ, విచారించినదీ చెప్పాను, ఇకమీదట ఈజిప్షియన్లు చెప్పగా విన్నది చెబుతాను అని గీత గీస్తాడు. విన్నది చెప్పడం తన విధి గాని, అదంతా నమ్మడం తన విధి కాదని మరోచోట అంటాడు. ఆ ‘నేను’ వల్లనే ఏది ఎంతవరకు నమ్మాలో మనకు తెలుస్తుంది. థుసిడిడీస్ చాలాచోట్ల ఆ వీలు ఇవ్వడు. తేల్చిన నిర్ణయాన్నే మన ముందుంచుతాడు.

అయితే ఏథెన్స్ అధీనంలోని ఆంఫిపొలిస్ నగరం చేజారిన ఘట్టం నన్ను ఆయన దగ్గరికి మళ్లీ తీసుకువెళ్లింది. క్రీ.పూ. 424లో స్పార్టా సేనాని బ్రాసిడస్ ఆ నగరాన్ని పట్టుకోబోతుంటే, ఏథెన్స్ సేనానిగా థాసోస్ ద్వీపం దగ్గర ఉన్న థుసిడిడీస్ ఏడు ఓడలతో బయలుదేరినా సమయానికి చేరలేకపోయాడు. నాలుగవ భాగంలో ఈ సంగతిని ‘ఒలోరస్ కుమారుడు థుసిడిడీస్’ అని ప్రథమ పురుషలో, ఏ సంజాయిషీ లేకుండా రాశాడు. ఆ వైఫల్యానికి పడిన దేశబహిష్కార శిక్ష ఊసు అక్కడ లేదు. ఐదవ భాగంలో మాత్రం ‘నేను’ అంటూ, ఆంఫిపొలిస్ తర్వాత ఇరవై ఏళ్లు ప్రవాసంలో ఉన్నాననీ, అందువల్లనే ఇరుపక్షాల వ్యవహారాలనూ, ముఖ్యంగా పెలొపొనీసియన్లవి (అంటే స్పార్టా పక్షం వారివి), దగ్గరగా చూడగలిగాననీ చెబుతాడు. సేనానిగా పొందిన ఓటమిని పేరు చెప్పి దూరంగా నిలబెట్టినవాడు, ఆ ఓటమి వల్ల దొరికిన సాక్ష్యాన్ని మాత్రం తనదిగా చెప్పుకున్నాడు. ఏథెన్స్ మహమ్మారిని వర్ణించేటప్పుడు కూడా, తనకూ ఆ జబ్బు వచ్చిందని చెప్పి మరీ లక్షణాలు రాశాడు.

మీకు వీలైతే ఐదవ భాగంలోని ఆ వాక్యం చదివాక నాలుగవ భాగానికి తిరిగి వెళ్లండి. ఆస్తితో ఉండిపోవచ్చు, ఇష్టం లేనివారు ఐదు రోజుల్లో వెళ్లిపోవచ్చు అని బ్రాసిడస్ ఆ ఊరివారికి ఇచ్చిన హామీ థుసిడిడీస్‌కు ఎవరి ద్వారా తెలిసి ఉంటుందా అని నేను ఇప్పుడు ఆ పేజీ దగ్గర ఆగుతాను.