క్రిప్టో వాలెట్ కంటే ముందు అత్యవసర నిధి

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. జీతం రూ.85,000. రుణ వాయిదాతో కలిపి నెల ఖర్చులు రూ.50,000. క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజీ యాప్‌లో రూ.7 లక్షల విలువైన బిట్‌కాయిన్, ఈథర్ ఉన్నాయి. అందులో రూ.2 లక్షలు వ్యక్తిగత రుణం తీసుకుని పెట్టాను. అత్యవసరమైతే వీటినే అమ్మవచ్చని బ్యాంకులో పొదుపు చేయలేదు. వీటిని హార్డ్‌వేర్ వాలెట్‌లోకి (కాయిన్ల తాళాలను ఇంటర్నెట్‌కు దూరంగా దాచే చిన్న పరికరం) మార్చుకోవడం మంచిదేనా?

జవాబు: మార్చుకోవడం మంచిదే. కానీ అవసరానికి కాయిన్లు అమ్ముకోవచ్చన్న మీ ధీమా నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో చోరీ అయ్యాక, అక్కడ కాయిన్లు దాచుకున్నవారు ఏడాదికి పైగా వాటిని వెనక్కి తీసుకోలేకపోయారు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరి ఉంటే, తెరపై కనిపించే ఆ అంకెతో బిల్లు కట్టగలిగేవారా? బ్యాంకు డిపాజిట్లకు ఉన్న రూ.5 లక్షల బీమా క్రిప్టోకు వర్తించదు. ధర పడిపోయినప్పుడు అమ్మి నష్టపోతే, దాన్ని మరే ఆదాయంలోనూ సర్దుబాటు చేసుకోలేరు. లాభం వస్తే మాత్రం 30 శాతం పన్ను, దానిపై సెస్సు తప్పవు.

అప్పు చేసి క్రిప్టో కొనడాన్ని నేను ఏ రకంగానూ సమర్థించలేను. వడ్డీ ప్రతి నెలా కచ్చితంగా పడుతుంది, రాబడికి ఆ కచ్చితత్వం లేదు. ముందస్తు చెల్లింపు రుసుము ఎంతో కనుక్కుని, తగినన్ని కాయిన్లు అమ్మి ఆ రుణాన్ని వెంటనే తీర్చేయండి. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చులకు సరిపడా రూ.3 లక్షలు జమయ్యే వరకు, నెలనెలా మిగిలే సొమ్మంతా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకో, త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ మ్యూచువల్ ఫండ్‌లోకో వెళ్లాలి. అప్పటి వరకు కొత్తగా ఒక్క కాయిన్ కూడా కొనకండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీ కూడా తీసుకోండి.

మిగిలిన కాయిన్లకు హార్డ్‌వేర్ వాలెట్‌ను తయారీదారు నుంచే కొనండి, ముందు చిన్న మొత్తం పంపి సరిచూసుకోండి. ఒకసారి నా దగ్గరకు వచ్చిన ఒకాయన, తన వాలెట్‌ను తిరిగి తెరిచే 24 పదాల రికవరీ ఫ్రేజ్ భద్రంగానే ఉందంటూ ఫోన్ గ్యాలరీ తెరిచారు; పాప పుట్టినరోజు ఫొటోల మధ్య ఆ కాగితం ఫొటో ఉంది, గ్యాలరీ మొత్తం ఎప్పటికప్పుడు క్లౌడ్‌లోకి చేరిపోతోంది. ఆ పదాలు తెలిసినవారు వాలెట్ ముట్టుకోకుండానే అంతా ఖాళీ చేయగలరు. ఫొటో తీయకుండా చేత్తో రెండు కాగితాల మీద రాసి, ఒకటి ఇంట్లో, మరొకటి బ్యాంకు లాకర్‌లో పెట్టండి. అవి ఎక్కడున్నాయో మీ ఇంట్లో నమ్మకమైన ఒకరికి చెప్పి ఉంచండి. మీకేమైనా జరిగితే, ఆ పదాలు లేకుండా కుటుంబానికి ఆ కాయిన్లు ఇప్పించగలిగేవారు ఎవరూ ఉండరు.