డిసెంబరు, జనవరిల్లో పులికాట్ వైపు లూర్‌తో పండుగప్ప పడుతుందా?

మీరు రెండు సంగతులు అడిగారు. తిరుపతి నుంచి పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేంత దూరంలో ఉప్పునీళ్ళలో లూర్ (ఉత్తుత్తి ఎర) వేసే చోటు ఉందా అనేది ఒకటి. ఇంగ్లండ్ వీడియోల్లో చూపినట్టు చలికాలం తెల్లవారుజామునే పోతే బాస్ పడుతుందా అనేది రెండోది. చోటుకేం, ఉంది. తెల్లవారుజాము సంగతి మాత్రం మర్చిపోండి.

ఆ వీడియోల్లో పడేది చల్లటి నీళ్ళకు అలవాటుపడ్డ యూరోపియన్ సీ బాస్. మనకు దొరికేది పండుగప్ప, అంటే ఆసియా సీ బాస్, అది వేరే జాతి. నీళ్ళు 26 నుంచి 30 డిగ్రీలుంటే అది చురుగ్గా మేస్తుంది, 20కి దిగేకొద్దీ మేత తగ్గించేస్తుంది. పులికాట్ సరస్సు చాలా చోట్ల మోకాలి లోతే. రాత్రికి తొందరగా చల్లబడుతుంది, ఎండెక్కితే అంతే తొందరగా వేడెక్కుతుంది. అందుకే జనవరిలో నేను తీరిగ్గా టిఫిన్ చేసి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేట చేరి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా వేస్తా. నాకు పడిన మంచి చేపలన్నీ ఆ వేళకే.

గడియారం కన్నా పోటుపాట్లు ముఖ్యం. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా పోటుకూ పాటుకూ నీటిమట్టంలో తేడా సుమారు ఒక మీటరే. కాబట్టి వెడల్పుగా పరుచుకున్న నీళ్ళలో లాగుడు తెలియదు. కాలువ ఇరుకయ్యే చోటు, తూము, వంతెన స్తంభాల పక్కన చూడాలి. పాటు మొదలై నీళ్ళు సముద్రం వైపు తీస్తుంటే లోపలి చిన్న చేపలూ రొయ్యలూ అక్కడినుంచే బయటికి రావాలి, పండుగప్ప నీడలో కాచుకొని ఉంటుంది. వెతుక్కుంటూ తిరిగే రకం కాదది.

ఇంకొకటి, మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాళంగి, స్వర్ణముఖి నదులు ఎర్రనీళ్ళు తెచ్చి పోస్తే చేప ఉప్పు ఉన్న వైపు జరుగుతుంది. ఎర్రనీళ్ళూ ఆకుపచ్చ నీళ్ళూ కలిసే గీత కంటికే కనిపిస్తుంది, దాని వెంబడే వేయండి. తెలియకపోతే వేలు ముంచి నాలుకకు రాసుకుంటే సరి. నీళ్ళు మురికిగా ఉంటే ముదురు రంగు లూర్, తేటగా ఉంటే తెలుపో వెండి రంగో.

చలికాలానికి నా ఓటు మూడు నాలుగు అంగుళాల సాఫ్ట్ ప్లాస్టిక్‌కే (మెత్తటి లూర్), పది గ్రాముల జిగ్ హెడ్‌తో (బరువు గుండు ఉన్న కొక్కెం). నీటి పైన చప్పుడు చేసే పాపర్లు ఎండాకాలానికి దాచుకోండి. ప్రవాహానికి ఎగువన వేసి, అడుగుకు దిగనిచ్చి, మీకే విసుగొచ్చేంత నిదానంగా చుట్టండి, మధ్యమధ్యలో ఆపండి. చల్లటి నీళ్ళలో ఇది ఠపీమని కొట్టదు, లైను ఊరికే బరువెక్కుతుంది. నాచు తగిలిందేమో అనుకునేలోపే లాగాలి.

20 పౌండ్లు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన లైను) చాలు. లూర్ దగ్గర కట్టే లీడరు మాత్రం 40కి తగ్గొద్దు. దీని మొప్పల అంచు బ్లేడులా కోస్తుంది, లైనుకైనా వేలికైనా ఒకటే, గ్రిప్పర్ (చేప దవడ పట్టే పట్టుకారు) లేకుండా పట్టుకోకండి. పండుగప్ప మగదిగా పెరిగి తర్వాత ఆడదవుతుంది, అంటే బాగా పెద్దవి చాలావరకు గుడ్లు పెట్టేవే. అలాంటిది పడితే ఫోటో తీసి వదిలేస్తా. ఇంటికొచ్చాక తిట్లు తప్పవనుకోండి, పులుసు ముక్క అంత రుచి మరి.

పులికాట్ పక్షుల అభయారణ్యం, ఎక్కడపడితే అక్కడ దిగడానికి లేదు. ఎక్కడ వేయొచ్చో అటవీ శాఖ వాళ్ళనూ, ఊళ్ళో జాలర్లనూ ముందే అడగండి, వాళ్ళ వలల దరిదాపుల్లో వేయొద్దు. శ్రీహరికోట రోడ్డు మీద బండి ఆపి రాడ్డు తీసే ఆలోచనే వద్దు. ఫ్లెమింగోలు బెదురుతాయి, పోలీసులూ ఊరుకోరు.

రాడ్డు ఏది కొనాలంటారా, ఏడడుగుల మీడియం, 3000 సైజు రీలు. ఖరీదైనదే కానక్కర్లేదు. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి ఆరబెడితే నాలుగేళ్ళు వస్తుంది.