పాత ఎంజీబీలో కొత్త స్టీరియో... ముందు ప్లస్ ఎటుందో చూడండి

ప్రశ్న: అన్నా నమస్తే. నేను ఎడిసన్‌లో ఉంటాను, న్యూజెర్సీ. ఎన్నాళ్ల నుంచో కోరిక, పోయిన ఎండాకాలం 1966 మోడల్ ఎంజీబీ ఓపెన్ టాప్ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. రేడియో లేదు. బ్లూటూత్ స్టీరియో కొనుక్కుని ఇక్కడో షాపుకి తీసుకెళ్తే గంట పని, ఎర్త్ వైరు బాడీకి బిగించేస్తే అయిపోయింది, డ్యాష్‌బోర్డ్ కొంచెం కోయాలి అన్నాడు. మా ఆవిడేమో నలభై యాభై ఏళ్ల కారుని కోయడమేంటి అంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీ ఆవిడ లెక్క సరిచేద్దాం, ఆ కారుకి దగ్గర దగ్గర అరవై ఏళ్లు. మిగతా విషయంలో మాత్రం ఆవిడ మాటే రైటు. షాపతను చెప్పిన ఆ ఎర్త్ వైరు ముక్క దగ్గరే నాకు గుండె జారింది, ఎందుకంటే 1962 నుంచి 1967 దాకా ఇంగ్లాండ్‌లోని అబింగ్‌డన్ ఫ్యాక్టరీలోంచి వచ్చిన ఎంజీబీలన్నీ పాజిటివ్ ఎర్త్. అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి ఉంటుంది, మైనస్ వైర్లలో తిరుగుతుంది. ఇప్పటి స్టీరియోలన్నీ దీనికి సరిగ్గా ఉల్టా. స్టీరియో నల్ల వైరు (మైనస్) బాడీకి, పసుపు వైరు (ప్లస్) కారులో ఎప్పుడూ కరెంటుండే బ్రౌన్ వైరుకి కలిపారంటే అది పాట పాడకముందే పోతుంది.

సరే వైర్లు తిరగేసి కలుపుదాం అనుకుంటారు, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఒక ఫ్రెండు కారులో తిరగేసి కలిపాం, స్టీరియోని సీటు మీద పెట్టి పది నిమిషాలు పాటలు కూడా విన్నాం, ఆహా మనంత వాళ్లు లేరనుకుని డ్యాష్ కన్నంలోకి తోశాం, టప్‌మని ఒక మెరుపు, పొగ, కాలిన వాసన. స్టీరియో రేకు డబ్బా దాని మైనస్‌కే కలిసి ఉంటుంది, ఆ డబ్బా వెళ్లి ప్లస్ అయిన ఇనప డ్యాష్‌ని తాకింది, అంతే. యాంటెన్నా వైరు పైపొరా అంతే, దాని గుండా కూడా షార్ట్ అవుతుంది.

కాబట్టి స్టీరియో ముట్టుకోకముందు మల్టీమీటర్ తీసి నల్ల పిన్ను బాడీకి, ఎర్ర పిన్ను ఏదైనా బ్రౌన్ వైరుకి పెట్టండి. మైనస్ 12 చూపిస్తే పాజిటివ్ ఎర్త్. ప్లస్ 12 చూపిస్తే మీకన్నా ముందు ఎవరో మార్చేశారని అర్థం, ఇన్నేళ్లలో ఎన్ని చేతులు మారి ఉంటుందో కదా, పుస్తకంలో ఏముందో కాదు కారులో ఏముందో చూడాలి.

పాజిటివే ఉంటే దారులు రెండు. మొత్తం కారునే నెగటివ్ ఎర్త్‌కి మార్చడం ఒకటి. సీట్ల వెనకున్న రెండు 6 వోల్టుల బ్యాటరీల కేబుళ్లు తిప్పాలి (ప్లస్ గుబ్బ లావు, మైనస్‌ది సన్నం, కాబట్టి క్లాంపులూ మార్చాలి), ఇగ్నిషన్ కాయిల్ మీది రెండు వైర్లు అటూ ఇటూ చెయ్యాలి, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోకి కొత్త దిక్కు నేర్పాలి. అంటే దాని ఎఫ్ టెర్మినల్ వైరు ఊడదీసి బ్యాటరీ నుంచి తెచ్చిన కరెంటు వైరుని ఆ టెర్మినల్‌కి రెండు మూడు సార్లు చటుక్కున తాకించి తీసేస్తే చాలు. అందరూ మర్చిపోయేది ఆర్‌పీఎమ్ మీటరు. మీ ఏడాది కార్లలో అది ఎలక్ట్రానిక్, విప్పి లోపల వైర్లు మార్చి, వెనక కాయిల్ వైరు చుట్టిన లూపు కూడా తిప్పకపోతే పనిచెయ్యదు. వైపర్, పెట్రోలు ముల్లుతో గొడవ లేదుగానీ ఎవరైనా ఎలక్ట్రానిక్ ఇగ్నిషనో కొత్త రకం పంపో పెట్టి ఉంటే వాటి మీదేం రాసుందో చూసుకోండి.

రెండోది, ఐసొలేటెడ్ కన్వర్టర్ డబ్బా. పాజిటివ్ ఎర్త్ కరెంటు తీసుకుని బాడీతో సంబంధం లేని 12 వోల్టులు ఇస్తుంది, కారు మార్చక్కర్లేదు, స్టీరియో డబ్బా, యాంటెన్నా బాడీకి తగిలినా షార్ట్ అవ్వదు. నా ఓటు మొదటిదానికే, ఒక శనివారం పోతుందిగానీ తర్వాత నిద్రపడుతుంది.

ఇక కోత సంగతి. వద్దు. ఇప్పటి స్టీరియోకి 180 బై 50 మిల్లీమీటర్ల కన్నం కావాలి, పాత రేడియోలకి నాబులు రెండు, మధ్యలో చిన్న కిటికీ. ఆ పాత రూపంలోనే లోపల బ్లూటూత్ పెట్టి అమ్ముతున్నారు, ఖరీదెక్కువే, అయినా కోసిన రేకు ఖరీదు ముందు ఎంత. స్పీకర్లు కూడా తలుపులకి కన్నాలు పెట్టకుండా సీట్ల వెనక ఒక చెక్క పెట్టెలో పెట్టుకోండి. స్పీకర్ మైనస్ వైర్లు రెండూ స్టీరియోకే వెళ్లాలి, బాడీకి కలిపితే లోపలి యాంప్లిఫైయర్ పోతుంది.

డబ్బా మీద నాలుగు ఇంటూ 50 వాట్లు అని చూసి భయపడకండి, మురిసిపోకండి. 200 వాట్లు నిజంగా రావాలంటే 12 వోల్టుల దగ్గర 17 యాంపులు కావాలి, వెనక ఫ్యూజు చూస్తే 10 ఉంటుంది. మామూలుగా వింటే మూడు నాలుగు యాంపులు, మీ డైనమో బాగా తిరిగితే 22 ఇస్తుంది, హెడ్‌లైట్లు వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం దాదాపు ఏమీ ఇవ్వదు. పసుపు వైరు కారు ఆగి ఉన్నా కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది, 10 మిల్లీ యాంపులు అనుకున్నా నెలకి 7 యాంప్ అవర్లు, చలికాలమంతా షెడ్డులో పెట్టేవాళ్లు ఆ ఫ్యూజు తీసేసి పెట్టండి.

ప్రశ్న: మాది బర్మింగ్‌హామ్ సార్, 1971 ఎంజీబీ జీటీ. స్టీరియో పెట్టించాను కానీ యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ టిక్‌టిక్‌మని ఒక మోత, దాంతో పాటు సన్నగా ఈల.

జవాబు: రెండూ వేరు వేరు జబ్బులండి. టిక్‌టిక్ ఇగ్నిషన్‌ది. స్పార్క్ ప్లగ్గుల మీద బీపీ6ఈఎస్ అని ఉంటే బీపీఆర్6ఈఎస్ వేయండి, ఆ ఆర్ అంటే రెసిస్టర్ ఉందని. వైర్లు రాగి తీగవైతే కార్బన్‌వి మార్చండి. కాయిల్‌కి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే ఇంకా తగ్గుతుంది, అది ఇగ్నిషన్ స్విచ్ నుంచి కరెంటు వచ్చే వైపే పెట్టాలి, డిస్ట్రిబ్యూటర్ వైపు పెడితే బండే సరిగ్గా నడవదు. ఈల ఆల్టర్నేటర్‌ది (డైనమో బదులు తర్వాతి కార్లలో బ్యాటరీని ఛార్జ్ చేసేది), ముందు స్టీరియో నల్ల వైరు పెయింట్ గీకిన చోట గట్టిగా బిగించి చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. బండి స్టార్ట్ చెయ్యకుండా తాళం తిప్పినప్పుడు వెనక టకటక వస్తే అది పెట్రోలు పంపు, పాపం దాన్నేం అనకండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి. స్పోర్ట్స్ కారు కాదులెండి, తాతగారి అంబాసిడర్. డిక్కీలో యాంప్లిఫైయర్, బేస్ బాక్సు పెట్టొచ్చా?

జవాబు: అలా తీసిపారేయకండి, మీ అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్, పైన ఆయన ఎంజీబీ 1798 సీసీ ఇంజిన్ ఒకే బీ సిరీస్ కుటుంబం, వరసకి అన్నదమ్ములు. డైనమో బండైతే బేస్ బాక్సు జోలికి పోకండి, ఆల్టర్నేటర్ ఉంటే పెట్టుకోండి. యాంప్లిఫైయర్‌కి కరెంటు పాత ఫ్యూజు బాక్సు నుంచి తియ్యొద్దు, బ్యాటరీ నుంచే విడిగా లావు వైరు లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు పెట్టించండి, రేకులోంచి దూరే చోట రబ్బరు బుష్ వేయించండి.