పక్క జిల్లాల పిడుదులకు జన్యు తేడాలున్నాయా? ఈ పరిశోధనకు ఏం చదవాలి?

ప్రశ్న: అనంతపురంలో బీఎస్సీ జువాలజీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. మా ఆవుల మీది పిడుదులకూ, పక్కనే ఉన్న బళ్లారి వైపు పిడుదులకూ జన్యుపరంగా తేడా ఉందేమో పరిశోధించాలని ఉంది. పీజీలో ఏది తీసుకోవాలి?

జవాబు: వెటర్నరీ పారాసైటాలజీలో (పశువుల పరాన్నజీవుల శాస్త్రం) ఎంవీఎస్సీ మీకు కుదరదు, దానికి పశువైద్య డిగ్రీ అయిన బీవీఎస్సీ ఉండాలి. అంటే మళ్లీ నీట్, ఆపైన ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ఈ ఒక్క ఆసక్తి కోసం అంత చుట్టు తిరగనక్కర్లేదు. ఎమ్మెస్సీ జువాలజీ చేయొచ్చు. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ వెక్టార్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో రోగాలు మోసే కీటకాల గురించి చెప్పే రెండేళ్ల ఎమ్మెస్సీ పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ దొరికితే ఇంకా మంచిది. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్ రాయండి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 ఇస్తారు.

అయితే పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను ల్యాబ్‌లో లక్షల నకళ్లుగా పెంచే పద్ధతి) ఎవరైనా కొన్ని వారాల్లో నేర్చుకుంటారు. ఈ పని చెడిపోయేది చాలావరకు పశువుల కొట్టంలోనే. అందుకే పీజీ దాకా ఆగకుండా, డిగ్రీ ప్రాజెక్టుగా ఇప్పుడే మొదలుపెట్టండి.

మీ ఆవుల గంగడోలు మీద, పొదుగు చుట్టూ ఉండేవి ఎక్కువగా రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే జాతి పిడుదులు. ఇది పిల్ల దశలో ఎక్కిన పశువు మీదే ఇంచుమించు మూడు వారాలు పెరిగి, రక్తం నిండాకే కిందికి రాలుతుంది. ఈలోగా ఆ పశువును సంతలో అమ్మితే పిడుదు కూడా దానితోపాటే జిల్లా దాటుతుంది. హయలోమా అనటోలికమ్ అనే మరో జాతి అలా కాదు, మధ్యలో దిగి గోడ పగుళ్లలో దాక్కుని మరో పశువును ఎక్కుతుంది. ఈ రెండూ కలిపేసి లెక్కకడితే ఫలితానికి అర్థమే ఉండదు. జాతిని గుర్తుపట్టాకే డీఎన్‌ఏ జోలికి వెళ్లండి. స్టీరియో మైక్రోస్కోప్ కింద మైక్రోప్లస్ నోటి భాగాలు పొట్టిగా, వాటి అడుగుభాగం ఆరు పలకలుగా కనిపిస్తాయి. హయలోమాకు నోరు పొడుగు, కాళ్లకు లేత రంగు పట్టీలు. ప్రొద్దుటూరు, తిరుపతి వెటర్నరీ కాలేజీల్లో పారాసైటాలజీ విభాగాలున్నాయి, మీ గుర్తింపు సరైనదో కాదో అక్కడ చూపించుకోండి.

రెండు వైపులా అయిదేసి ఊళ్లు, ఊరికి అయిదారు మందలు, మందకు ఒక పశువు, పశువుకు ఒక్క పిడుదు చాలు. ఒక్క తల్లి పిడుదు వేల గుడ్లు పెడుతుంది. ఒకే ఆవు మీద ముప్పై ఏరితే అవి తోబుట్టువులే కావచ్చు, తల్లి నుంచే వచ్చే వాటి మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒకటే. పశువు అక్కడే పుట్టిందా, ఎక్కడి నుంచైనా కొన్నారా అని రైతును అడిగి రాసుకోవడం మరవద్దు. ఈ వివరం లేకపోతే రెండు వైపులా ఒకే హాప్లోటైప్ (ఒకే రకం డీఎన్‌ఏ వరుస) వచ్చినప్పుడు కారణం చెప్పలేరు.

గ్లౌజు వేసుకుని, సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. నోరు చర్మంలో విరిగిపోతే గుర్తించడం కష్టం. వేళ్లతో నలపొద్దు. హయలోమా నుంచి క్రిమియన్-కాంగో జ్వరం మనుషులకు సోకుతుంది, 2011లో గుజరాత్‌లో ఈ జ్వరంతో మనుషులు చనిపోయారు. సీసాలో 95 శాతం పైన ఇథనాల్ పోయండి, ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. చీటీ పెన్సిల్‌తో రాసి లోపలే వేయండి, పెన్ను సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది.

రక్తం నిండిన ఆడ పిడుదు నుంచి కాళ్లు మాత్రమే తీసుకోండి. ఒళ్లంతా నూరితే రక్తంలోని హీమ్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది, ఆవు డీఎన్‌ఏ కూడా కలుస్తుంది. కాక్స్1, 16ఎస్ అనే మైటోకాండ్రియా జన్యువులతో మొదలుపెట్టండి. కాక్స్1 సీక్వెన్స్‌ను అకశేరుకాల మైటోకాండ్రియా కోడ్‌తో ప్రొటీన్‌లోకి మార్చి చూడండి. మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ అక్కడితో ఆగాలనే గుర్తు) కనిపిస్తే సీక్వెన్స్ చదవడంలో తప్పయినా జరిగుండాలి, ఆ జన్యువుకు కణ కేంద్రకంలో ఉన్న పనిచేయని నకలు అయినా వచ్చుండాలి. సీక్వెన్స్‌లను పోల్చే సాఫ్ట్‌వేర్లు మెగా, డీఎన్‌ఏఎస్పీ, పాప్‌ఆర్ట్ ఉచితమే.

మైక్రోప్లస్‌లో ఎ, బి, సి అని మూడు మైటోకాండ్రియా శాఖలు తేలాయి. మన దేశపు నమూనాలు కొన్ని సి శాఖలో పడ్డాయి. మీ రెండు జిల్లాలవి ఎటు పడతాయన్నది మంచి ప్రశ్న, డిగ్రీ ప్రాజెక్టుకు ఇరవై నమూనాలతోనైనా అడగొచ్చు.